అండమాన్ గుల్లల దిబ్బలు: చదవకుండానే చెరిపేయకూడదు

ఒక ఇంటివాళ్లు ఏం తింటారో తెలుసుకోవాలంటే వాళ్లను అడగడం కన్నా వాళ్ల పెంటకుప్ప చూడటం మేలు. అడిగితే పరువు కోసం కొన్ని దాచిపెడతారు, గొప్ప కోసం కొన్ని కలిపి చెబుతారు. పెంటకుప్పకు దాపరికం తెలియదు. పురావస్తు శాస్త్రంలో చాలా భాగం ఈ చిన్న సంగతి మీదే నడుస్తోంది. రాజులు శాసనాలు చెక్కించారు, పండితులు గ్రంథాలు రాశారు. మిగిలిన వాళ్లు చెత్త వదిలి వెళ్లారు. రాత లేని సమాజాల విషయంలో తరచూ అదొక్కటే ఆధారం.

ఈ మాట అండమాన్ దీవులకు సరిపోయినంతగా మన దేశంలో మరో చోటికి సరిపోదేమో. అక్కడి తీరాల్లో, మడ అడవుల పాయల పక్కన, చెట్లూ తీగలూ కప్పేసిన దిబ్బలు ఉన్నాయి. కొన్ని మనిషి ఎత్తును మించినవి. పైకి మామూలు మట్టిదిబ్బల్లాగే ఉంటాయి. కాస్త గీకితే మాత్రం నత్తగుల్లలు, ఆల్చిప్పలు, బూడిద, బొగ్గు, ఎముకలు, కుండపెంకులు బయటపడతాయి. ఇవి వందల ఏళ్లపాటు, కొన్నిచోట్ల వేల ఏళ్లపాటు, ఒకే చోట వండుకు తిన్న మనుషులు పారేసిన చెత్త. ఈ దిబ్బలను శాస్త్రజ్ఞులు గుర్తించి నూటయాభై ఏళ్లు దాటింది. అయినా సెల్యులార్ జైలు తెలిసినంత మందికి వీటి సంగతి తెలియదు. ఇది కేవలం ప్రచార లోపం అయితే పెద్దగా బాధపడనక్కర్లేదు. కానీ ఇక్కడ పోతే తిరిగి రానిది ఒకటుంది.

చెత్త చెడకుండా ఎలా నిలిచింది?

డెన్మార్క్ తీరంలో ఇలాంటి గుల్లల గుట్టలు సహజంగా ఏర్పడినవి కావనీ, ప్రాచీన మానవుల వంటింటి చెత్త అనీ 19వ శతాబ్దం మధ్యలో అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు. ‘వంటింటి చెత్తకుప్ప’ అనే అర్థం వచ్చే డేనిష్ మాటే తర్వాత శాస్త్రంలో స్థిరపడింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా అండమాన్ దిబ్బలను చూసి, అదే డేనిష్ మాటను వాడుతూ 1870లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వాటి గురించి రాశాడు. పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ వారు ఖైదీల వలస మొదలుపెట్టి అప్పటికి పన్నెండేళ్లే.

గ్రేట్ అండమానీ తెగలు తమలో తాము రెండు రకాల వారిని వేరుగా చెప్పుకునేవి. తీరంలో ఉండేవారు అర్యోటో, అడవి లోపల ఉండేవారు ఎరెమ్‌టాగా. తీరవాసులకు అన్నం పెట్టేది సముద్రం. ఆటుకు నీరు వెనక్కి తగ్గినప్పుడు మడ బురదలో పాకే పెద్ద నత్తలు, బురదలో దాగిన ఆల్చిప్పలు, రాళ్లకు అంటుకున్న గుల్లలు చేతికి అందుతాయి. వీటితోపాటు చేపలు, తాబేళ్లు, సముద్రపు ఆవులు, అడవి పందులు. మాంసం తిని గుల్లను పక్కనే విసిరేస్తారు. మంచినీళ్లు, పడవకు రేవు, గాలికి చాటు ఉన్న చోటును వదులుకోరు కాబట్టి తరాలు మారినా అక్కడికే తిరిగి వస్తారు. అలా కుప్ప దిబ్బ అవుతుంది.

ఇందులో రసాయన శాస్త్రం చేసిన మేలు ఒకటుంది. ఎడతెగని వానలు పడే ఉష్ణమండల అడవుల్లో నేలకు ఆమ్ల గుణం ఎక్కువ. అలాంటి మట్టిలో ఎముక ఎక్కువ కాలం నిలవదు. గుల్లలు కాల్షియం కార్బొనేట్‌తో తయారైనవి, అంటే సున్నపు పదార్థం. వాననీరు వాటి గుండా దిగేటప్పుడు దానిలోని ఆమ్లం విరిగిపోతుంది. ఆ విధంగా గుల్లల కుప్ప తనలోని చేపముల్లునూ పంది దంతాన్నీ కాపాడుతుంది. చుట్టూ ఉన్న అడవి నేలలో కరిగిపోయినవి ఈ దిబ్బలోనే మిగిలాయి. అందుకే దిబ్బ పోతే పక్కన ఎక్కడో తవ్వి అదే సమాచారం తెచ్చుకుందామంటే కుదరదు.

పొరల్లో కనిపించినవి

1950లలో ఇటలీ మానవశాస్త్రవేత్త లిడియో చిప్రియానీ అండమాన్ దిబ్బలను తవ్వాడు. అడుగు పొరల్లో పంది ఎముకలు లేవని, కుండపెంకులు కూడా లేవని, ఆ రెండూ ఇంచుమించు ఒకేసారి కనిపించడం మొదలవుతుందని రాశాడు. కుండల విషయంలో మరో వింత గమనించాడు. కిందిపొరల్లో దొరికిన పెంకులే పై పొరల్లో వాటికన్నా మేలైన పనితనంతో ఉన్నాయి. కాలం గడిచేకొద్దీ పనితనం పెరగాలనే మన అంచనాను ఇది తలకిందులు చేస్తుంది. పందినీ కుండనీ బయటి నుంచి ఎవరో తెచ్చారా? తెస్తే ఎవరు? ఆ నైపుణ్యం తర్వాత ఎందుకు తగ్గింది? చిప్రియానీ తవ్వకాలు నేటి పద్ధతుల్లో జరిగినవి కావు కాబట్టి ఆయన నిర్ధారణలను తుది తీర్పుగా తీసుకోకూడదు. కానీ ఆయన లేవనెత్తినవి మంచి ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పగలిగేవి కూడా ఆ దిబ్బలే.

1980లలో పుణె దక్కన్ కళాశాలకు చెందిన జరీన్ కూపర్ ఈ పనిని పద్ధతిగా చేపట్టారు. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ దగ్గర ఉన్న దిబ్బను, బారాటాంగ్ దీవిలోని హవాబిల్ గుహను ఆమె తవ్వి పరిశీలించారు. చౌల్దారీ దిబ్బకు రేడియో కార్బన్ పద్ధతిలో వచ్చిన వయసు సుమారు 2,200 ఏళ్లు. కాలం తేలిన అండమాన్ ఆవాసాల్లో అతి పాతవాటిగా దీన్ని చెబుతారు. అంటే మగధలో మౌర్యుల పాలన ముగిసి, దక్కన్‌లో శాతవాహనులు తలెత్తుతున్న రోజుల్లో చౌల్దారీ ఒడ్డున ఎవరో నత్తలు వండుకుంటున్నారు.

పై పొరలకు వస్తే ఇనుము, సీసాపెంకులు కనిపిస్తాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల శిథిలాల నుంచి ఇనుము తీసి అండమానీలు బాణాల ములుకులు చేసుకునేవారు. సీసా గాజును చెక్కి పదునైన పలుకులుగా మార్చి క్షవరానికి, ఒంటిపై గాట్లు పెట్టుకోవడానికి వాడేవారని 19వ శతాబ్దపు పరిశీలకులు నమోదు చేశారు. పత్రికల్లో వీళ్లను ఇప్పటికీ ‘రాతియుగపు మనుషులు’ అంటుంటారు. దిబ్బ మీది పొర ఆ మాటను ఒప్పుకోదు. కొత్త పదార్థం చేతికొస్తే దానితో ఏం చేయొచ్చో వెంటనే కనిపెట్టిన మనుషులు వాళ్లు. కాలం వారి దగ్గర ఆగిపోలేదు.

తప్పుడు కథను తేల్చిన ఎముకలు

తొమ్మిదో శతాబ్దపు అరబ్బు నావికుల కథనాల నుంచి మార్కోపోలో దాకా ఎందరో అండమానీలను నరమాంస భక్షకులని రాశారు. వాళ్లలో చాలామంది ఆ దీవుల్లో కాలు పెట్టినవారు కారు. ఒకరి మాట మరొకరు ఎత్తి రాసుకోవడంతో వెయ్యేళ్లపాటు ఆ అపవాదు నడిచింది. చనిపోయిన ఆత్మీయుల ఎముకలను జ్ఞాపకంగా ధరించే ఆచారం అక్కడ ఉండటం కూడా బయటివారి అపోహకు తోడైంది. దీవుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన బ్రిటిష్ అధికారి ఇ.హెచ్. మాన్ 1880లలోనే ఈ కథను కొట్టిపారేశాడు. ఇప్పటివరకు తవ్విన దిబ్బలు కూడా దానికి ఏ బలమూ ఇవ్వలేదు. వాటిలో ఉన్నవి చేపలు, తాబేళ్లు, పందులు, గుల్లలే. యాత్రికులు వదంతిని అందంగా రాయగలరు. వంటింటి చెత్తకు అలా రాయడం రాదు.

వయసు లెక్కలో మెలికలు

2,200 ఏళ్లు అనగానే ఒక ప్రశ్న వస్తుంది. అండమానీలు ఆఫ్రికా నుంచి తొలినాళ్లలో బయల్దేరిన మానవుల వారసులని, పదుల వేల ఏళ్లుగా అక్కడే ఉన్నారని విన్నాం కదా? ఆ మాటకు బలమైన ఆధారం హైదరాబాద్ నుంచే వచ్చింది. సీసీఎంబీలో లాల్జీ సింగ్, కె. తంగరాజ్ బృందం ఓంగీ, గ్రేట్ అండమానీ ప్రజల మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరిశీలించి 2005లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. వారి వంశశాఖలు 50 వేల నుంచి 70 వేల ఏళ్ల క్రితం నాటి తొలి వలసకు చెందినవని, ఆ తర్వాత వారు వేరుగా ఉండిపోయారని ఆ బృందం చెప్పింది. వీటికి దగ్గరి శాఖలు భారత భూభాగంలోనూ ఉన్నాయని, దీవులకు చేరడం ఇంకా ఆలస్యంగా జరిగి ఉండవచ్చని తర్వాత వేరే పరిశోధకులు వాదించారు.

ఈ రెండు అంకెలనూ పోటీకి నిలబెట్టడం పొరపాటు. ఒక వంశశాఖ మరో శాఖ నుంచి ఎప్పుడు విడిపోయిందో డీఎన్‌ఏ చెబుతుంది. విడిపోయినప్పుడు ఆ మనుషులు ఎక్కడ ఉన్నారో అది చెప్పలేదు. మనుషులు ఫలానా చోట, ఫలానా కాలంలో ఉన్నారని దిబ్బ చెబుతుంది. అంతకుముందు లేరని అది చెప్పలేదు. పైగా 20 వేల ఏళ్ల క్రితం సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువ. నాటి తీరవాసుల దిబ్బలు ఉండి ఉంటే అవి ఈనాడు నీటి అడుగునే ఉంటాయి. అండమాన్‌లో నేల కూడా నిలకడగా ఉండదు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం కొంతమేర మీటరుకు పైగా లేచింది, పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. ఇలాంటి ఘటనలు ఎన్ని దిబ్బలను ముంచాయో, ఎన్నిటిని మెరకకు తెచ్చాయో లెక్క తీయాల్సే ఉంది.

కాలనిర్ణయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రాణి బతికినన్నాళ్లు పరిసరాల నుంచి కార్బన్‌ను తీసుకుంటూ ఉంటుంది. చనిపోయాక అందులోని కార్బన్-14 తరుగుతూ, 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఆ లెక్కన 2,200 ఏళ్ల నాటి బొగ్గులో మొదటి పరిమాణంలో సుమారు 77 శాతం మిగిలి ఉండాలి. బొగ్గు విషయంలో ఇది సూటిగానే నడుస్తుంది, చెట్టు గాలి నుంచే కార్బన్ తీసుకుంటుంది కాబట్టి. గుల్ల కథ వేరు. సముద్రపు లోతుల్లో వందల ఏళ్లు ఉండిపోయిన నీరు పైకి వచ్చి కలుస్తుంటుంది, దానిలోని కార్బన్ అప్పటికే పాతది. అందువల్ల నిన్న పట్టిన నత్త గుల్లకు కూడా రేడియో కార్బన్ పద్ధతి దాదాపు 400 ఏళ్ల వయసు చూపించగలదు. ఈ తేడా చోటును బట్టి మారుతుంది కాబట్టి ఏ తీరానికి ఆ తీరం విడిగా సవరణ లెక్కగట్టాలి. బారాటాంగ్ లాంటి చోట్ల సున్నపురాయి నేలల నుంచి వచ్చే నీరు, తనలోని పాత కార్బన్‌తో ఈ లెక్కను మరింత చిక్కుపెట్టగలదు. ఒకే పొరలోని బొగ్గునూ గుల్లనూ జతగా పరీక్షిస్తే ఆ సవరణ ఎంతో తేలుతుంది. కానీ ఆ జత చెదరకుండా దొరకాలి. పొక్లెయిన్ ఒక్కసారి దిబ్బను తిరగేసిందంటే ఏ బొగ్గుకు ఏ గుల్ల జోడో చెప్పడం ఎవరి తరమూ కాదు.

చెత్త చెప్పలేనివి

దిబ్బను ఆకాశానికెత్తడం కూడా సరికాదు. గట్టివి నిలుస్తాయి, మెత్తనివి కుళ్లిపోతాయి. అండమానీలు తిన్న తేనె, దుంపలు, పళ్లు, అల్లిన బుట్టలు, చెక్కిన విల్లులు అక్కడ ఆనవాలు వదలడం అరుదు. పరిమాణం కూడా మోసం చేస్తుంది. ఒక తట్ట నత్తల్లో తినే మాంసం పిడికెడే, మిగిలేది తట్టెడు గుల్లలు. ఒక పందిని తింటే ఊరందరికీ విందు, మిగిలేది పిడికెడు ఎముకలు. కాబట్టి దిబ్బ నిండా గుల్లలున్నంత మాత్రాన వాళ్లు నత్తలే తిని బతికారని చెప్పకూడదు. గుల్లలను లెక్కపెట్టడం కన్నా వాటి జాతి, సైజు, పొరలను బట్టి వచ్చిన మార్పు చూడటం ముఖ్యం. పెద్ద గుల్లలు క్రమంగా చిన్నవైతే వేట ఒత్తిడి పెరిగిందేమో. మడ నత్తలు తగ్గి రాతి గుల్లలు పెరిగితే తీరమే మారిందేమో. గుల్లలోని ఎదుగుదల గీతల్లో ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని కొలిస్తే దాన్ని ఏ రుతువులో పట్టారో కూడా అంచనా కట్టవచ్చు.

ఇది ఈనాటి అవసరాలకూ పనికొచ్చే సమాచారం. సముద్రపు ఆవు అండమాన్ నికోబార్ రాష్ట్ర జంతువు, ఇప్పుడు అక్కడ అరుదైపోయింది. అది ఒకప్పుడు ఏ తీరంలో ఎంత మామూలుగా దొరికేదో చెప్పగల పాత లెక్కలు సర్వే నివేదికల్లో ఉండవు. దిబ్బల్లో ఉండవచ్చు.

వారసులు మిగలని చోట

గ్రేట్ అండమానీ తెగలు పదింటిలో పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ప్రాంతం అకా-బియా తెగది. 1858లో ఖైదీల వలస మొదలైనప్పుడు గ్రేట్ అండమానీలు కొన్ని వేల మంది ఉండేవారు. రోగాలు, ముఖ్యంగా 1877లో ప్రబలిన తట్టు, వారిని తుడిచిపెట్టాయి. 1901 జనగణన నాటికి మిగిలింది 625 మంది, 1961 నాటికి 19 మంది. 1930లు వచ్చేసరికి అకా-బియా తెగ పూర్తిగా అంతరించింది. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న కన్నుమూశారు. ఇప్పుడు స్ట్రెయిట్ దీవి కేంద్రంగా ఉంటున్న గ్రేట్ అండమానీలు పదుల సంఖ్యలోనే ఉన్నారు.

డీఎన్‌ఏ పరీక్షకు బతికున్న మనిషి కావాలి, లేదా చెడని ఎముక కావాలి. మౌఖిక చరిత్రకు మాట్లాడేవాళ్లు కావాలి. అకా-బియాల విషయంలో బ్రిటిష్ అధికారులు రాసినవి, మ్యూజియంలకు పట్టుకెళ్లిన వస్తువులు తప్ప వారి తరఫున మిగిలింది ఈ దిబ్బలే. అధికారుల రాతలు బయటివారి చూపుతో రాసినవి. దిబ్బ మాత్రం వాళ్లు తమ చేత్తో వదిలింది.

అందుకే ఈ విషయంలో జాప్యం తగదు. ఓంగీ, జరావా, సెంటినెలీల నేలల్లోని దిబ్బలకు 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన అండగా ఉంది, అక్కడికి బయటివారు వెళ్లడం నిషేధం. పరిశోధన పేరుతో ఆ గీత దాటాలని ఎవరూ అడగకూడదు. ఆ చెత్త వాళ్లది, దాని సొంతదారులు ఇంకా అక్కడే ఉన్నారు. ప్రమాదమల్లా ఆ గీతకు బయట ఉన్న దిబ్బలకే. మెరక, మంచినీళ్లు, గాలికి చాటు, పడవకు రేవు చూసి వేల ఏళ్ల క్రితం అండమానీలు ఎంచుకున్న చోట్లే ఇవాళ రోడ్డుకు, ఇంటికి, రిసార్టుకు కూడా కావాల్సిన చోట్లు.

తెలుగువారికి ఈ సమస్య కొత్తది కాదు. మన ఊళ్లలో పాటిదిబ్బలంటే ఒకప్పటి ఊళ్ల శిథిలాలు. అక్కడి పాటిమన్ను మంచి ఎరువని తరతరాలుగా బండ్లకెత్తి పొలాలకు తోలారు. పాలమూరు జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బను ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు అందులో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అంతకుముందు ఆ బూడిదకు ఎన్నో కథలు చెప్పేవారు. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డిలో పేడ కాలి మిగిలిన బూడిద అని ఆ ముద్రలు తేల్చాయి. ఆ లోపే దిబ్బ మొత్తం పొలాలకు చేరి ఉంటే దక్కన్‌లో పశుపోషణ చరిత్ర ఇంకా కథల్లోనే ఉండేది. పైగా అండమాన్ మనకు దూరపు నేల కాదు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఎన్నో. ఆటుపోటుల మీద బతుకు ఎలా ఆధారపడుతుందో ఆ కుటుంబాలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ప్రపంచంలో రెండు దారులూ ఉన్నాయి. 1877లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్ టోక్యో దగ్గర రైలు కిటికీలోంచి చూసి గుర్తుపట్టిన ఒమోరి గుల్లల దిబ్బ ఈనాడు రక్షిత చారిత్రక స్థలం, చుట్టూ పార్కు. కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్ గుల్లల దిబ్బను 1924లో చదును చేశారు. ఇప్పుడు అక్కడ షాపింగ్ కేంద్రం ఉంది.

ప్రతి చెత్తకుప్పకూ కంచె వేసుకుంటూ పోతే దీవుల్లో ఉన్న జనం ఎక్కడ ఉండాలి అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు అన్నీ కాపాడమని కాదు, చదవకుండా ఏదీ పోగొట్టవద్దని. మొదట ఆదిమ తెగల నేలలకు బయట ఉన్న దిబ్బలన్నిటి పటం తయారుచేయాలి. పురావస్తు సర్వేక్షణ సంస్థ, 1951 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మానవశాస్త్ర సర్వేక్షణ ప్రాంతీయ కేంద్రం కలిస్తే ఇది అసాధ్యమైన పని కాదు. నిర్మాణాలకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో ఈ పటం చూడటం తప్పనిసరి చేయాలి. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణంతో కూడిన భారీ ప్రాజెక్టుకు 2022లో అనుమతి లభించింది. ఇంత పెద్ద ఎత్తున నేల కదిలే రోజుల్లో ముందే చూసుకోవడం మరింత అవసరం. తప్పనిసరిగా తొలగించాల్సిన దిబ్బ ఉంటే, దాన్ని కదిలించే ముందు పైనుంచి అడుగుదాకా మీటరు చదరం మేర పొరలవారీగా నమూనా తీసి భద్రపరచాలి. గ్రేట్ అండమానీ పెద్దలతో మాట్లాడకుండా వారి పూర్వీకుల దిబ్బల మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. వందేళ్లు దాటిన ముఖ్యమైన స్థలాలను రక్షించడానికి 1958 నుంచే చట్టం ఉంది. కట్టడం అంటే గోడలూ గోపురాలే అనుకునే అలవాటు మనదే, చట్టానిది కాదు.

దిబ్బలు పెరగడం కూడా ఆగలేదు. గ్రేట్ నికోబార్ తీరాల్లో ఏరిన ప్లాస్టిక్ సీసాల మీద 2020లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, వాటిలో ఎక్కువ భాగం మలేసియా, ఇండోనేసియా, థాయ్‌లాండ్ లాంటి దేశాల నుంచి కొట్టుకొచ్చినవని చూపింది. అకా-బియాల చెత్త వాళ్లు ఎక్కడ బతికారో అక్కడే ఉండిపోయింది. మన చెత్త మనం చూడని తీరాలకు కూడా చేరుతోంది. రేపు తవ్వేవారు ఈ పొరను తేలిగ్గానే గుర్తుపడతారు. దాని కింద ఉన్న 2,200 ఏళ్లను వాళ్లకు మిగల్చడమా, మానడమా అన్నది ఇప్పుడు గీసే రోడ్డు ప్లాన్లలోనే తేలిపోతుంది.